క్రొత్త ఇంటికి నురుగు కవచము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిన మాట సముద్రము దాటినను మాఱలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు, న్యూజెర్సీ మొదలగు చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములవారు పెక్కుమంది నేడు క్రొత్త యిండ్లు కట్టించుకొనుచున్నారు. పూజగది యే దిక్కున నుండవలెను, వంటయింటి రాతిబల్ల యే రంగున నుండవలెనను విషయములందు గృహిణి మాట చెల్లును. గోడల లోపల నేమి నింపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము, అది గుత్తదారుని యిష్టమని మనము తప్పుకొనుచుందుము. ఇది తగదు. రాతిబల్లను పదేండ్లకు మార్చుకొనవచ్చును. గోడ కంటుకొని గట్టిపడిన నురుగును తీసివేయుట మిక్కిలి కష్టము, మిక్కిలి వ్యయము.

అక్కడి యిండ్లలో ననేకము చెక్క చట్రముతో కట్టబడును. నిలువు చెక్కల నడుమ సామాన్యముగా 3.5 లేక 5.5 అంగుళముల లోతు ఖాళీ యుండును. ఎండను, చలిని ఆపుటకు ఆ ఖాళీని గాజుదూది, రాతిదూది, కాగితపు పొట్టు మొదలగువానితో నింపుదురు. ఈ పనికే నేడు స్ప్రే ఫోమ్ అను నురుగును గూడ విశేషముగా వాడుచున్నారు.

ఈ నురుగు పాలియురెథేన్ జాతిది. 1937వ సంవత్సరమున జర్మనీదేశములో ఆటో బేయర్ అను రసాయన శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఈ జాతి పదార్థమును కనిపెట్టిరి. పనివారు రెండు పీపాలు తెత్తురు. ఒకదానిలో ఐసోసయనేటు, రెండవదానిలో పాలియాల్ మొదలగువాని మిశ్రమము ఉండును. రెండును వేడి గొట్టములగుండ వచ్చి పిచికారి మొనయందు గలిసి, గోడపై బడిన కొన్ని క్షణములలోనే పొంగి గట్టిపడును. దూది చేరలేని సందులను గూడ ఇది మూసివేయును. దీని ముఖ్యమైన గుణ మదియే. వేడిని ఆపుటతోపాటు గాలిని గూడ ఆపును.

ఇందు రెండు రకములు గలవు. ఓపెన్ సెల్ అనునది మెత్తనిది, తేలికయైనది; అందలి గదులు తెఱచుకొని యుండుటచే నీటియావిరి దానిగుండ పోగలదు. క్లోజ్డ్ సెల్ అనునది గట్టిది. దాని గదులు మూసికొని యుండును. సుమారు రెండంగుళముల మందము వేసినచో ఆవిరిని చాలవఱకు నిరోధించును. వేడిని ఆపు శక్తిని అక్కడివారు ఆర్ విలువ యందురు. అంగుళమునకు ఓపెన్ సెల్ నురుగునకు సుమారు 3.5, క్లోజ్డ్ సెల్ నురుగునకు 6 మొదలు 7 వఱకు నుండును. గాజుదూదికిని అంగుళమునకు 3 మొదలు 4 వఱకు గలదు. కాబట్టి ఓపెన్ సెల్ నురుగు కొనువారు గాలిని ఆపుటకే అదనపు ధనము నిచ్చుచున్నారని గ్రహింపవలెను.

క్లోజ్డ్ సెల్ నురుగు ధర యింకను హెచ్చు. దానిని గోడలన్నిట నింపిన మేలని తలచుట సహజము. కాని నిలువు చెక్కలగుండ వేడి పోవుచునే యుండును. నడుమ నెంత మంచి నురుగున్నను ఆ దారి మూయబడదు. గోడ వెలుపల వేడి నాపు పలకలు పరచి, లోపల సామాన్యపు దూది నింపి, సందులను శ్రద్ధగా మూయించుట యనేక సందర్భములలో తక్కువ వ్యయముతో తుల్యమైన ఫలము నిచ్చును. నురుగును అవసరమైన చోటులకే, అనగా నేలయంతస్తు అంచు దూలములకు, పైకప్పునకు పరిమితము చేసికొనుట వివేకము.

పైకప్పు మాట ప్రత్యేకముగా చెప్పవలెను. టెక్సాసు వేసవిలో అటకలోని వేడి 120 డిగ్రీల ఫారన్‌హీటును మించుట వింత కాదు. అక్కడి యిండ్లలో చల్లని గాలి గొట్టములు తఱచుగా ఆ యటకలోనే యుండును. కప్పు చెక్క క్రిందనే నురుగు వేయించినచో అటక యింటి లోపలి భాగమగును. గొట్టములలోని చల్లదనము వ్యర్థము గాదు. న్యూజెర్సీ వంటి చలిచోట్ల నైతే, ఆవిరి నిరోధము లేక ఓపెన్ సెల్ మాత్రమే వేసినచో, ఇంటిలోని తేమ కప్పు చెక్కను జేరి చెమ్మ పుట్టించును. అచ్చట క్లోజ్డ్ సెల్ గాని, తగిన నిరోధపు పూత గాని కావలెను. హ్యూస్టన్ వంటి ఉక్కపోత ప్రదేశములలో తేమను లాగు యంత్రము గూడ వలసిరావచ్చును.

ఇక నపాయముల సంగతి. ఐసోసయనేటు ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేయును; ఒకసారి దానికి శరీరము తగులుబాటు పడిన పిమ్మట కొంచెపు ఆవిరియు ఉబ్బసము రేపవచ్చును. పిచికారి చేయునప్పుడు పనివారు తప్ప నెవ్వరును, ముఖ్యముగా గర్భిణులు, శిశువులు, ఉబ్బసమున్నవారు, ఇంటిలో నుండరాదు. తయారుచేసినవారు చెప్పిన గడువు, సామాన్యముగా 24 గంటలు, కడచి గాలి బాగుగ నాడినంతవఱకు తిరిగి రాకూడదు. ద్రవముల పాలు తప్పినను, ఒక్కసారిగా మిక్కిలి మందముగా వేసినను, నురుగు సరిగా గట్టిపడక నెలల తరబడి దుర్గంధ మీయగలదు. మందపు పొరలోని వేడిచే మాడి నిప్పంటుకొనుటయు గలదు. గృహప్రవేశ ముహూర్తము దగ్గరపడెనని ఈ పనిని తొందరపెట్టుట ప్రమాదకరము. ముహూర్త మింకొకటి దొరకును.

నురుగు మండు గుణము గలది. అందుచే నివాసపు గదులవైపున దానిపై అరయంగుళపు జిప్సము పలక వంటి యడ్డు ఉండవలెనని అక్కడి గృహనిర్మాణ నిబంధనలు విధించుచున్నవి. మూసిన యటకలో గ్యాసుతో పనిచేయు పొయ్యిలేమైన నున్నచో, వానికి వెలుపలినుండి గాలి వచ్చు ఏర్పాటు తప్పనిసరి.

మన వంటయింటికి సంబంధించిన విషయ మొకటి గలదు. సందులు మూసిన యింటిలో పోపు ఘాటు, మిరపకాయల మంట, వేపుడు నూనె పొగ తమంతట తాము పోవు. పొయ్యిపైని పొగలాగు యంత్రము పొగను వడగట్టి గదిలోనికే విడుచునది కాక, గొట్టముద్వారా బయటికి పంపునదిగా నుండవలెను. నిమిషమునకు 400 ఘనపుటడుగులకు మించి లాగు యంత్రమైనచో, పోయిన గాలికి బదులు గాలి వచ్చు మార్గముండవలెను. లేనిచో గ్యాసు పొయ్యిల విషవాయువు వెనుకకు రాగలదు. ఇంటికంతకు నిత్యము క్రొత్తగాలి నిచ్చు యంత్రము గూడ నేర్పరచుకొనుట విధి.

గుత్తదారునితో సంతకము చేయుటకు ముందు సోదరీమణు లీ ప్రశ్నల నడుగుదురుగాక. ఏ రకము నురుగు, ఎన్ని అంగుళములు, ఎన్ని పొరలుగా వేయుదురు? పనివారికి తయారీదారుల శిక్షణ గలదా? వేయునాడు చెక్కలలోని తేమను కొలుతురా? నురుగును పొంగించు వాయువు బొగ్గుపులుసు గాలికి వేయిరెట్లు భూమిని వేడిచేయు పాతదా, లేక క్రొత్తదా? పని ముగిసిన పిమ్మట, గోడపలకలు బిగింపక ముందే, తలుపున పంకా బిగించి గాలి కారుటను పరీక్షింతురా? ఈ యుత్తరములను వ్రాతపూర్వకముగా గైకొనవలెను.

నురుగు మంచిదా, చెడ్డదా యని యొక్కమాటలో తేల్చుటకు వీలులేదు. తగినచోట, తగిన రకమును, నేర్పరి చేత వేయించినచో అది యింటికి కవచము. తొందరపాటుతో వేయించినచో విడువని పీడ. గోడ మూయక ముందే మన మాట చెల్లును. మూసిన తరువాత చెల్లదు. కాబట్టి గృహిణులు రాతిబల్ల నెంచుకొను దినముననే గోడలోపలి సంగతియు విచారించుట యుక్తము.