చవక కెమెరా ఎంతవరకు?

పిల్లల చేతికి ఫోను ఇవ్వడం ఇష్టంలేక మన సభ్యులు కొందరు చవక డిజిటల్ కెమెరా సంగతి అడుగుతున్నారు. కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 చూడండి. (పేరే కొడాక్‌ది, 2013 నుంచి ఆ పేరుతో కెమెరాలు తెస్తున్నది జె.కె. ఇమేజింగ్ వారు.) రెండు పెన్సిల్ సెల్సు వేస్తే చాలు, అవి డింగిల్‌లోనూ దొరుకుతాయి, తెనాలిలోనూ దొరుకుతాయి. కిల్లార్నీ చెరువుల దగ్గర పట్టపగలు పిల్లవాడికి నిశ్చింతగా ఇవ్వవచ్చు.

16 మెగాపిక్సెళ్ళని మురిసిపోకండి. బొమ్మ పడే సెన్సారు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. పైగా జూము లాగినకొద్దీ, కంటిపాప ముడుచుకున్నట్టు, లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గుతుంది. డిసెంబరులో డబ్లిన్‌లో నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది. ఇక హాల్లో వెనక వరసనుంచి అమ్మాయి కూచిపూడి తీస్తే చేతులు అలుక్కుపోతాయి; ఫ్లాష్ వేదికదాకా పోదు. ఊళ్ళో అమ్మమ్మ వెతికేది ఆ ముద్రలనే గదా! ఆ పూటకు మంచి ఫోనే పట్టుకొని ముందు వరసలో కూర్చోండి.