కంప్యూటరులోని విత్తనపు గాదె

ప్యాపిలి నంద్యాల జిల్లాలోని మెట్టసీమ. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రహదారిమీద డోన్ దాటి గుత్తి చేరులోపల ఈ ప్రాంతము వచ్చును. ఇచ్చటి సేద్యమున కెక్కువగా వానయే ఆధారము. అందుచేత ఈ సీమ రైతునకు విత్తనపు గింజ ప్రాణముతో సమానము. పంట యింటికి రాగానే మేలైన గింజలను ఏరి, ఆరబెట్టి, వేరుగా దాచుట పెద్దలనాటినుండి వచ్చిన పద్ధతి. కరవు వచ్చినను ఆ గింజలను ముట్టరు. అవి తరిగిపోయినచో మరుసటి యేడు పొలమున చల్లుటకు ఏమియు మిగులదని వారికి తెలియును.

ఇట్టి విత్తనపు గాదె యొకటి కంప్యూటరులోను కలదు. దానిని రికవరీ పార్టిషను అందురు.

కంప్యూటరు తన సమాచారమును డిస్కులో దాచుకొనును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి డిస్కు యంత్రమును వెలువరించినది. అందు రెండడుగుల వ్యాసముగల 50 పళ్లెములుండెను. అవి యన్నియు కలిసి దాచగలిగినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇముడు డిస్కు అంతకు లక్షరెట్లు దాచుచున్నది. ఇంత పెద్ద చోటును ఒకే గదిగా ఉంచక, ఇల్లు కట్టువారు గోడలు పెట్టినట్లు కొన్ని భాగములుగా విభజింతురు. ఒక భాగమున విండోస్ మొదలైన నిర్వహణ వ్యవస్థ ఉండును. మరొక భాగమున మన ఫైళ్లుండును. వేరొక భాగమున కంప్యూటరు చెడినపుడు దానిని బాగుచేయుటకు కావలసిన సాధనములుండును. రికవరీ పార్టిషను అనగా ఈ కడపటి భాగమే. కొందరు తయారీదారులు, యంత్రము కొన్ననాటి స్థితికి తిరిగి రాగలుగునట్లు, మొత్తము వ్యవస్థ నకలును కూడ ఇందే భద్రపరతురు.

ఇట్టి గాదెలో చిల్లర సామానులు చేరినచో ఏమగును? డ్రైవు నిండినదని కంప్యూటరు మాటిమాటికి హెచ్చరించును. ఖాళీ చేయుదమని చూచినవానికి కొన్ని ఫైళ్లు కనబడవు; కనబడినవి తుడిచినను పోవు. అప్పుడు చాలమంది విసిగి, డ్రైవునంతయు ఒక్కసారిగా తుడిచివేయుటకు పూనుకొందురు. ఆకలికి తాళలేక విత్తనములను వండుకొన్నట్టిదే ఈ పని. ఆ నాటికి గడచును. కాని యంత్రము చెడిన నాడు దానిని లేపుటకు లోపల ఏమియు ఉండదు.

ఫైళ్లు పోకుండుటకు ముఖ్యముగా నాలుగు కారణములు కలవు. మొదటిది అధికారము. ఆ ఫైళ్లకు యజమాని వ్యవస్థయే కాని, కంప్యూటరు ముందు కూర్చున్నవాడు కాడు. రెండవది వాడుక. ఏదేని ప్రోగ్రాము ఒక ఫైలును తెరచి ఉంచినచో, అది మూయువరకు దానిని తుడువ వీలుపడదు. మూడవది పూర్వస్థితి నకళ్లు. వెనుకటి స్థితికి మరలుటకై విండోస్ కొన్ని నకళ్లను మరుగుగా ఉంచుకొనును. వాని సంచిని మనము నేరుగా తెరువలేము. నాలుగవది డిస్కులోని లోపము. ఏ ఫైలు ఎచ్చటనున్నదో తెలుపు పట్టిక చెడినపుడు, లేని ఫైలు ఉన్నట్లును, ఉన్న ఫైలు చేతికి అందనట్లును తోచును.

ఒక్కొక్కప్పుడు తప్పు వాడుకరిది కాకపోవచ్చును. 2018 ఏప్రిల్‌నాటి విండోస్ 10 మార్పు తరువాత, కొన్ని కంప్యూటరులలో మరుగున నుండవలసిన ఈ భాగమునకు ఒక అక్షరము తగిలి, అది మామూలు డ్రైవువలె పైకి కనబడసాగెను. అది స్వభావముచేతనే దాదాపు నిండియుండును గనుక, చోటు లేదను హెచ్చరిక ఎడతెగక వచ్చుచుండెను. అచ్చట తుడువవలసినది ఏమియు లేదు. ఆ అక్షరమును తొలగించుటయే మందు. కారణము నెరుగనివారు మాత్రము ఫైళ్లతో పోరాడి అలసిరి.

కావున చికిత్సకు ముందు పరీక్ష అవసరము. మొట్టమొదట తన సొంత ఫైళ్లను పెన్‌డ్రైవులోనో, వేరు డిస్కులోనో నకలు చేసికొనవలెను. వేరొక పెన్‌డ్రైవులో రికవరీ సాధనములను సిద్ధపరచుకొనవలెను. పిమ్మట ఆ డ్రైవులో ఏ సంచి ఎంత చోటు ఆక్రమించినదో, ఏ తేదీన చేరినదో చూడవలెను. కంప్యూటరు కొన్ననాటి తేదీగలవి గాదెలోని విత్తనములు, వానిని కదలింపరాదు. ఇటీవలి తేదీగలవి తరచుగా బ్యాకప్ నకళ్లై యుండును. బ్యాకప్ చేయునపుడు పొరపాటున ఈ డ్రైవునే ఎంచుకొనుట దీనికి సాధారణమైన హేతువు. ముందు ఆ బ్యాకప్‌ను వేరొక చోటికి మరలింపవలెను. లేనిచో తుడిచినకొలది మరల నిండుచుండును. పూర్వస్థితి నకళ్లను వ్యవస్థ రక్షణకు సంబంధించిన అమరికలలోనుండియే తొలగింపవలెను. వాడుకలోనున్న ఫైలునకు కంప్యూటరును ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించుట చాలును. డిస్కులో లోపమున్నచో, చెక్‌డిస్కు అను సాధనముచే పరీక్షింపవలెను. యాజమాన్యమును బలిమితో మార్చుకొని తుడుచుట, ఆ ఫైలేమిటో నిశ్చయముగా తెలిసిన పిమ్మటనే తగును.

ఈ భాగమున కొంత ఖాళీ ఉండుటయు అవసరమే. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 యొక్క ఒక భద్రతా లోపమును సరిదిద్దుటకు మార్పును పంపినది. రికవరీ పార్టిషనులో తగిన చోటు లేని కంప్యూటరులలో అది అమరక పోయెను. ఆ భాగమును 250 మెగాబైట్లు పెంచుకొనుడని సంస్థయే సూచింపవలసి వచ్చినది.

యంత్రము చెడినపుడు బాగుచేయువారు పట్టణమున వీధివీధిని దొరకుదురు. పల్లెలోని బడికి ఆ సౌకర్యము ఉండదు. పరీక్షలు దగ్గరపడిన దినములలో కంప్యూటరు మూలపడినచో, దానిని బండిమీద పట్టణమునకు పంపి ఎదురుచూడవలెను. విత్తనపు గాదె చెక్కుచెదరక ఉన్నచో, ఉన్న చోటనే ఒక పూటలో యంత్రము మరల పనిచేయవచ్చును. కావున తుడువనని మొండికేయు ఫైలు కనబడినపుడు కోపగింపక, అది ఎవరిది, ఎందుకు వచ్చినది అని మొదట విచారించుట వివేకము.