మీకు తెలుసా? కొలువు మానకుండానే సైనిక పతకం

తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో ఉమ్మడి వరంగల్ జిల్లా పాలకుర్తిలో కౌలు రైతు చాకలి ఐలమ్మ పంటను భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయకుండా కాపాడింది ఆంధ్ర మహాసభ సంఘం వాలంటీర్లే. వాళ్ల ఛాతీ మీద ఏ పతకమూ మెరవలేదు. మెరవాల్సింది!

అయితే సొంత పని చేసుకుంటూనే, పిలుపొస్తే సైనిక దుస్తులు తొడిగే వాలంటీర్ల కోసం పతకాలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో విక్టోరియా రాణి 1892లో వాలంటీర్ అధికారులకు ఒక పతకం నెలకొల్పారు. రెండేళ్లకే అది భారత్‌కూ వచ్చింది.

స్వతంత్ర భారతంలో ఇలాంటి వాలంటీర్ల దళమైన టెరిటోరియల్ ఆర్మీని 1949 అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజాజీ ప్రారంభించారు. ఇందులో 20 ఏళ్లు సేవ చేసిన అధికారికి టెరిటోరియల్ ఆర్మీ డెకరేషన్, 12 ఏళ్లు చేసిన జవానుకు టెరిటోరియల్ ఆర్మీ మెడల్ ఇస్తారు. ఏటేటా శిక్షణకూ హాజరవ్వాలి. యుద్ధంలో అసమాన సాహసం చూపితే పరమవీర చక్రకూ వీరు అర్హులే.