వరస తప్పని మెకెయిన్‌లు

2020 నవంబరులో విశాఖ తీరానికి ఆవల, బంగాళాఖాతంలో మలబార్ నౌకా విన్యాసాలు జరిగాయి. మన రణ్‌విజయ్, శివాలిక్‌లతో పాటు పాల్గొన్న అమెరికా డిస్ట్రాయర్ పేరు జాన్ ఎస్. మెకెయిన్. తాతదీ, తండ్రిదీ, మనవడిదీ అదే పేరు. ముగ్గురూ అనాపొలిస్ నావికా అకాడమీలో చదివినవాళ్లే.

తాత 52 ఏళ్ల వయసులో విమానం నడపడం నేర్చుకుని పైలట్ అయ్యారు. ఒంటి చేత్తో సిగరెట్ చుట్టుకునేవారు. ఖాళీ అయిన పొగాకు సంచి మనవడికిస్తే ఆ పిల్లాడు మురిసిపోయేవాడు. 1945 సెప్టెంబరు 2న మిస్సోరి నౌక మీద జపాన్ లొంగుబాటు పత్రాలపై సంతకాలు జరుగుతున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. జలాంతర్గామి అధికారిగా అక్కడికే వచ్చిన కొడుకును ఆ రోజే కలుసుకున్నారు. అదే ఆఖరి చూపు. నాలుగు రోజులకే, కాలిఫోర్నియాలో ఇల్లు చేరీ చేరగానే గుండె ఆగిపోయింది.

అడ్మిరల్ హోదా ఆయనకు చనిపోయాకే దక్కింది. కొడుకు కూడా ఆ హోదాకు చేరడంతో అమెరికా నావికాదళంలో ఆ ఘనత సాధించిన మొదటి తండ్రీకొడుకులయ్యారు. చదువులో మాత్రం ఈ ఇంటివాళ్లు అంతంతమాత్రమే. మనవడైతే 1958లో 899 మందిలో 894వ వాడిగా బయటపడ్డారు.

వియత్నాం యుద్ధంలో ఆ మనవడి విమానాన్ని 1967 అక్టోబరు 26న హనోయ్ మీద కూల్చేశారు. రెండు చేతులూ ఓ కాలూ విరిగి, ట్రుక్ బాక్ చెరువులో పడి, బందీగా చిక్కారు. మరుసటి ఏడాది తండ్రి పసిఫిక్‌లోని అమెరికా దళాలన్నిటికీ అధిపతి అయ్యారు. ఆ సమయంలోనే జైలు అధికారులు నిన్ను ఇంటికి పంపేస్తామన్నారు. పెద్దవాళ్ల బిడ్డ ముందు బయటపడ్డాడని చాటితే మిగతా ఖైదీల గుండె జారుతుందని వాళ్ల ఎత్తు. ముందు పట్టుబడినవాళ్లే ముందు వెళ్లాలన్నది సైనికుల నియమం. తనకంటే ముందొచ్చినవాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. రానన్నారు. ఆ తర్వాత రోజుల తరబడి కొట్టి నేరాంగీకార పత్రం రాయించుకున్నారు. ఆ సంతకం ఆయన్ని జీవితాంతం బాధపెట్టింది. కానీ నా దృష్టిలో ఆ సంతకం వల్ల ఆయన చిన్నబోలేదు. గుమ్మం తెరిచి ఉన్నా కదలకపోవడమే ఆ వంశం మొత్తంలో అతి పెద్ద సాహసం.

మరి తండ్రి మాటేమిటి? కొడుకు ఉన్న ఊరి మీద బాంబులు వేయించాల్సిన కుర్చీ ఆయనది. 1972లో హనోయ్ మీద దాడులకు ఆదేశాలిచ్చారు కూడా. ఏటా క్రిస్మస్‌కు ఉత్తర, దక్షిణ వియత్నాంల సరిహద్దు దగ్గరి సైనికుల మధ్యకు వెళ్లేవారు. కాసేపు ఒంటరిగా నిలబడి, ఉత్తరానికేసి చూసేవారట. ఏ పతకం మీదా రాయని సేవ అది.

కొడుకు 1973 మార్చి 14న విడుదలయ్యారు. డిస్ట్రాయర్‌కు మొదట తాతా తండ్రుల పేరే పెట్టారు. 2018 జులైలో మనవడి పేరునూ చేర్చారు. మరుసటి నెలలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికే నాలుగో జాన్ మెకెయిన్ అదే అకాడమీలో చదివి, నావికాదళంలో హెలికాప్టర్ పైలట్ అయ్యారు.