చుక్కాని పట్టినవాడు

విమానము నడపువానిని మన పత్రికలు ఒకప్పుడు వైమానికుడనియు, ఒకప్పుడు విమాన చోదకుడనియు వ్రాయును. మాటలలో మాత్రము అతడు అందరికిని పైలటే. మూడు పేర్లును ఒక్క మనిషికే చెల్లుచున్నను, వాని వెనుక నున్న ఊహలు వేరు. అందు అతని పనిని సరిగా పట్టి చూపునది ఏది?

పైలటు అను మాట ఆకాశమున పుట్టినది కాదు, నీటిపై పుట్టినది. ప్రాచీన గ్రీకున తెడ్డు ఆకునకు, నావను త్రిప్పు తెడ్డునకు ‘పేడాన్’ అని పేరు. దానినుండి వచ్చిన మాట ఇటలీ నావికుల నోట ‘పెదోతా’యై, పిదప ‘పిలోతా’యై, ఫ్రెంచి మీదుగా పదునారవ శతాబ్దమున ఇంగ్లీషునకు చేరినదని నిఘంటుకారులు చెప్పుదురు. పేడాన్ అనునది గ్రీకున పాదమును తెలుపు శబ్దమునకు చుట్టము. మన ‘పాద’ శబ్దమును ఆ కుదుటిదే. పరాయిదనుకొన్న మాట దూరపు జ్ఞాతి యన్నమాట! విమానపు తోకనున్న చుక్కానిని పైలటు నేటికిని కాళ్లతో త్రొక్కియే త్రిప్పుట యాదృచ్ఛికమైనను ముచ్చటైన సంగతి.

రేవులలో ఈ మాట పాత అర్థముననే నిలిచియున్నది. విశాఖపట్టణమునకు ఓడ వచ్చినపుడు, అచ్చటి లోతుపాతు లెరిగిన పైలటు పడవలో ఎదురేగి, ఓడనెక్కి, దానిని లోనికి నడిపించును. అతడు ఓడకు బలము నిచ్చువాడు కాడు, దారి నిచ్చువాడు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ పేరు బెలూను నడపువానికిని, ఇరువదవ శతాబ్ది మొదట విమానము నడపువానికిని సంక్రమించెను.

మనకు పేర్ల చరిత్ర మరియొక రీతిగా సాగినది. విమానము అను మాట ప్రాచీనము. కొలుచుట అను అర్థము గల ‘మా’ ధాతువునుండి అది వచ్చినది. గర్భాలయముపై కొలిచి కట్టిన శిఖరమును విమానమే. తిరుమలలో ఆనందనిలయ మట్టిదే. ఆకాశమున పోవు పుష్పకము రామాయణమున సుప్రసిద్ధము. కాని పుష్పకమునకు సారథి లేడు. అది ఎక్కినవాని మనసెరిగి పోవును. పట్టాభిషేకమునకు పూర్వమే రాముడు సెలవీయగా ఎవరును నడపకయే ఉత్తర దిశకు తరలిపోయినది. ఇంద్రుని రథమునకు మాతలి కలడు. విమానమునకు అట్టివాడెవ్వడును లేడు. కావున యంత్రమునకు పేరు సిద్ధముగా నున్నను, మనిషికి పేరు మనము క్రొత్తగా కల్పించుకొనవలసి వచ్చినది.

అట్లు కల్పించుకొన్న వానిలో ‘వైమానికుడు’ విమానమునకు సంబంధించినవాడని మాత్రమే చెప్పును. ‘చోదకుడు’ అంతకంటె స్పష్టము. ప్రేరేపించుట, ముందునకు తోలుట యను అర్థము గల ‘చుద్’ ధాతువు దానికి మూలము. గాయత్రీ మంత్రపు తుది పదమున నున్నదియు అదే. గుర్రములను తోలువానికి ఈ పేరు తగును. కాని విమానమును ముందునకు తోలునది ఇంజను. మరి మనిషి చేయు పని యేమి?

విమానము పుట్టుకయే దీనికి సమాధానము. 1896లో జర్మనీ దేశస్థుడు ఓటో లిలియెంతాల్, తన గ్లైడరు గాలిలో అదుపు తప్పగా పడి మరణించెను. 1903లో అమెరికాలో లాంగ్లీ పండితుడు 52 గుర్రపు బలముగల ఇంజనుతో చేయించిన యంత్రము రెండు మారులును నదిలో కూలెను. అదే యేడు డిసెంబరు 17వ తేదీన రైటు సోదరుల విమానము 12 గుర్రపు బలముతోనే లేచి, 12 సెకండ్లలో 120 అడుగులు ఎగిరెను. బలముకంటె అదుపు ముఖ్యమని వారు ముందే గ్రహించి, మూడు దిశలలోను యంత్రమును చక్కదిద్దు ఉపాయమును గ్లైడర్లపై సాధించిరి. 1906లో వారికి లభించిన పేటెంటు ఇంజనుకు కాదు, ఈ ఉపాయమునకు.

2009 జనవరి 15న న్యూయార్కులో పైకి లేచిన కొలది నిమిషములకే ఒక విమానమునకు పక్షుల గుంపు తగిలి, రెండు ఇంజన్లును బలము కోల్పోయెను. అందు 155 మంది కలరు. తోలు శక్తి పోయినది. త్రిప్పు నేర్పు మిగిలినది. కెప్టెన్ సలెన్‌బర్గర్, ఏ విమానాశ్రయమునకును చేరలేమని నిశ్చయించి, హడ్సన్ నదిపై విమానమును దింపెను. అందరును బ్రతికిరి. ఆనాడు ఆ విమానమున చోదన మనునది లేదు. పైలటు మాత్రము కలడు.

చుక్కాని పట్టువానికి మనకును ఒక మంచి పేరు కలదు: కర్ణధారుడు. మనము అతనిని నీటిమీదనే యుంచి, ఉపన్యాసములలో దేశనాయకులకు బిరుదుగా వాడుకొనుచున్నాము. రోదసికి పోవు యంత్రమును అంతరిక్ష నౌక యనుటకు జంకని భాష, విమానమునకు కర్ణధారుని ఒప్పుకొనుటకు ఏల సంకోచింపవలెను? వాడుకలో పైలటు స్థిరపడినాడు, ఉండనిండు. పదకోశములు కూర్చువారు మాత్రము అతని యెదుట చోదకుని మాత్రమే నిలుపక, కర్ణధారునికిని చోటీయవలెను. తోలుట యంత్రములు నేర్చిన విద్య. ఎటు త్రిప్పవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమునకు బాధ్యత వహించుట మనిషి పని.