వేలం నోటీసు వచ్చింది.. ఎవర్ని నమ్మాలి?

పేపర్లో లోపలి పేజీ తిప్పితే కనిపిస్తుంది ఆ ప్రకటన. సన్నటి అక్షరాలు, గళ్లు గీసిన పట్టిక. అప్పు తీసుకున్నవారి పేరు, పక్కనే భార్య పేరు, రావలసిన బాకీ. ఆ కింద ఆస్తి వివరం: మూడో అంతస్తు ఫ్లాటు, ఇన్ని చదరపు అడుగులు, తూర్పున కారిడారు, పడమర ఖాళీ జాగా, ఉత్తరాన మెట్లు, దక్షిణాన పక్కవారి ఫ్లాటు. పాలు పొంగించి అడుగుపెట్టిన ఇల్లు నాలుగు హద్దులుగా మిగిలి, ఒక గడిలో పడి ఉంటుంది. ఎవరో ఆ ముక్కను ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇక ఆ కుటుంబానికి లిఫ్టు ఎక్కాలన్నా మొహం చెల్లదు.

ఆ ప్రకటనను చుట్టపక్కాలే కాదు, ‘మీ లోన్ మేం సెటిల్ చేస్తాం’ అనేవాళ్లూ చదువుతారు. ఫోన్లు అప్పుడే మొదలవుతాయి. బాకీ సగానికి తెంపేయిస్తామంటారు. హైకోర్టు నుంచి స్టే తెస్తామంటారు. ఫీజు మాత్రం ముందే ఇవ్వాలంటారు.

నమ్మదగిన మనిషిని పోల్చుకోవడానికి నేను చూసే మొదటి ఆనవాలు ఒకటుంది. అతను ముందు కాగితాలు అడుగుతాడు, వాటి మీద తేదీలు చూస్తాడు. ‘అంతా నేను చూసుకుంటా, మీరు నిశ్చింతగా ఉండండి’ అనేవాడికి తేదీలతో పనుండదు. ఈ వ్యవహారమంతా నడిచేదేమో తేదీల మీదే.

బీరువాలో కరిగిపోయే గడువు

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. వాయిదా కట్టక 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత సెక్షన్ 13(2) కింద నోటీసు వస్తుంది. మొత్తం బాకీ కట్టడానికి 60 రోజుల గడువు ఇస్తారు.

ఇంటికి అసలు దెబ్బ తగిలేది ఈ 60 రోజుల్లోనే. ఉద్యోగం పోయిందనో వ్యాపారం దెబ్బతిన్నదనో ఇంట్లో చెప్పుకోలేని మనిషి ఆ కవరును బీరువాలో బట్టల కింద దాచేస్తాడు. పరువు కోసం చేసే ఆ పని చివరికి ఇంటికే చేటు తెస్తుంది. ఆ నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. లెక్క తప్పని, కట్టిన సొమ్ము జమ కాలేదని, ఇంకొంత వ్యవధి కావాలని రాయవచ్చు. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఈ హక్కుకు దారి వేసింది 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ట్రైబ్యునల్ గడప తొక్కాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న నిబంధనను కొట్టేసిందీ ఆ తీర్పే.

గడువు దాటితే తలుపు మీద స్వాధీన ప్రకటన అంటిస్తారు. అప్పటికింకా ఇంట్లో మీరే ఉండొచ్చు. అయినా ఆ రోజు నుంచి 45 రోజుల్లోగా డీఆర్‌టీకి, అంటే రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. మన దగ్గర ఇవి హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. ఈ దారి ఉండగా హైకోర్టులు మామూలుగా జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అందుకే డీఆర్‌టీ ఊసెత్తకుండా హైకోర్టులో రిట్ పిటిషన్ వేద్దామని తొందరపెట్టే లాయరును ‘ఎందుకు?’ అని అడగండి.

ఇంకో ప్రమాదకరమైన మాట ‘వేలం రోజు దాకా టైముంది’. 2016 సవరణ తర్వాత అది నిజం కాదు. వేలం ప్రకటన వెలువడే లోపే బాకీ మొత్తం కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు దీన్ని ఖరాఖండిగా చెప్పింది.

తెలిసిన తలుపులే తట్టండి

మొదటి తలుపు బ్యాంకుదే. ఎన్‌పీఏ కాకముందే వెళ్తే వాయిదా తగ్గించమని, కాలం పెంచమని అడిగే వీలు ఎక్కువ. ఏం మాట్లాడినా రాసిచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఓటీఎస్, అంటే కొంత తగ్గించి ఒకేసారి కట్టి తేల్చుకునే రాజీ కూడా అడగొచ్చు. అయితే అది మన హక్కేమీ కాదు, ఇవ్వడం బ్యాంకు ఇష్టం. సగానికి గ్యారంటీ అనే దళారీ తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నాడు.

ఇల్లు నిలుపుకోలేమని లెక్క తేలితే, మీరే అమ్ముకోవడం మేలు. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదు, కాబట్టి ఆ అనుమతి అడగండి. ఉదాహరణకు 80 లక్షల ఫ్లాటు మీద 50 లక్షల బాకీ ఉందనుకుందాం. వేలంలో 60 లక్షలకు పోతే ఖర్చులు పోను చేతికొచ్చేది పది లక్షల లోపే. కొనేవారిని మీరే వెతికి 75కి అమ్మితే పాతిక లక్షలు మిగులుతాయి. ఒకవేళ వేలమే జరిగినా, బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము చట్టప్రకారం మీదే. అడగకుండా వదిలేయకండి.

ఇంటి యజమాని చనిపోయిన ఇళ్లలో ముందు చూడాల్సింది లోన్ ఫైలు. అప్పు ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు దానికి బీమా కూడా జత చేస్తాయి. ఆ సంగతి తెలియకుండానే భార్య వాయిదాల కోసం మెడలో బంగారం అమ్ముకుంటూ ఉంటుంది. శాంక్షన్ లెటర్‌లోనో, ఖాతా స్టేట్‌మెంట్‌లోనో ప్రీమియం కోసిన పద్దు ఉందేమో వెతకాలి.

లాయరు ఫీజు భరించలేని వారికి జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. బ్యాంకు ఫిర్యాదు తీసుకుని 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, పైసా ఫీజు లేదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ఆ కాల్ వివరాలు దాచి ఉంచండి, ఫిర్యాదుకు పనికొస్తాయి.

ఎంత దగ్గరివారు అడిగినా సరే, ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకం పెట్టొద్దు. ‘ఊరికే హామీ కోసం’ అంటూ జీపీఏ (సర్వాధికార పత్రం) గానీ సేల్ డీడ్ గానీ రిజిస్టర్ చేయొద్దు. బ్యాంకు బాకీ తీర్చడానికి చేబదులిచ్చి, ఆ కాగితంతో ఇల్లే రాయించుకునేవాళ్లున్నారు.

బ్యాంకులూ ప్రభుత్వమూ చేయాల్సిన పని ఒకటుంది. 60 రోజుల నోటీసు చాలావరకు ఇంగ్లిషులోనే వస్తుంది, వేలం ప్రకటన మాత్రం ఊరందరికీ అర్థమయ్యేలా తెలుగు పేపర్లోనూ పడుతుంది. ఆ మొదటి నోటీసే తెలుగులో ఇవ్వాలి. అభ్యంతరం ఎవరికి, ఎన్ని రోజుల్లో రాసుకోవాలో, ఉచిత న్యాయసాయం నంబరేమిటో అందులో పెద్దక్షరాల్లో అచ్చువేయాలి.