అడిగింది ఇచ్చేముందు...

సాయం కోరి మన సంస్థ గడప తొక్కినవారు మొదట చెప్పే మాటే అసలు సమస్య కానక్కరలేదు. భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగించుకుని వచ్చి, "కుట్టు మిషను ఇప్పించండి" అని అడిగిందనుకుందాం. మిషను ఇచ్చి, ఫొటో తీసి పంపడం తేలిక. కానీ ఆమెకు కుట్టు రాకపోతే, మూడు నెలల ఇంటి అద్దె బాకీ ఉంటే, ఆ మిషను ఆమె ఇంట్లో ఎన్నాళ్లు ఉంటుంది?

సాయానికి ముందు పరిస్థితిని క్రమపద్ధతిలో తెలుసుకోవాలని మేరీ రిచ్మండ్ 1917లో 'సోషల్ డయాగ్నోసిస్' అనే గ్రంథంలో వివరించారు. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. ఆనాటి ఆ పాఠశాలే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

సమస్యను గుర్తించడం

ముందు వినాలి. నలుగురి ఎదుట కాకుండా, పక్కన కూర్చోబెట్టి అడగాలి. ఇంట్లో ఎంతమంది? అప్పు ఎంత? పిల్లలు బడికి వెళుతున్నారా? ఆదుకునే బంధువులున్నారా? ఆమెకు ఏ పని వచ్చు? లేనివాటితోపాటు ఉన్నవాటినీ రాసుకోవాలి.

ఇలా మాట్లాడితే, ఇంట్లో జరిగిన ఆ మరణాన్ని ఎవరూ నమోదు చేయించలేదని బయటపడవచ్చు. జనన మరణాల నమోదు చట్టం (1969) కింద 21 రోజుల్లో తెలియజేయాలి. ఆమె ఇద్దత్‌లో ఉంది, మగవారు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆలస్యానికి ప్రత్యేక అనుమతి కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం లేనిదే వితంతు పింఛను రాదు. అంటే మిషను కంటే ముందు కావలసింది ఆ కాగితం.

లక్ష్యాలు పెట్టుకోవడం

"కుటుంబం బాగుపడాలి" అన్నది కోరిక. "నెలలోగా నమోదుకు దరఖాస్తు, జూన్‌లో అమ్మాయిని తిరిగి బడిలో చేర్చడం, ఆ తర్వాత కుట్టు శిక్షణ" అన్నవి లక్ష్యాలు. అవి నెరవేరాయో లేదో చూసి చెప్పవచ్చు. ఒకేసారి రెండు మూడు సమస్యలకు మించి తలకెత్తుకోవద్దని, గడువు పెట్టుకోవాలని 1972లో విలియం రీడ్, లారా ఎప్‌స్టీన్ ప్రతిపాదించిన పద్ధతి చిన్న సంస్థలకు బాగా పనికొస్తుంది.

ఏది ముందో ఆమే నిర్ణయించాలి. మనకు బడి ముఖ్యమనిపించినా, ఇల్లు ఖాళీ చేయమంటున్న యజమాని భయం ఆమెను నిద్రపోనివ్వకపోతే అద్దె సంగతే మొదట చూడాలి. ఎవరి పని ఏదో కూడా ముందే అనుకోవాలి: దరఖాస్తుపై సంతకం ఆమెది, కార్యాలయానికి తోడు వెళ్లడం మన కార్యకర్తది. నెలకోసారి కలిసి కూర్చుని, ఏది జరిగింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది చూసుకోవాలి.

ఆమె చెప్పినవి మన రికార్డులోనే ఉండాలి. ఆమె ఒప్పుకుంటే తప్ప ఆమె ఫొటో ఇలాంటి సంచికలో కూడా రాకూడదు. శిక్షణ పూర్తయ్యాక ఆమె మళ్లీ మిషను అడిగితే, అప్పుడు సంతోషంగా ఇద్దాం. అది ఆమె ఇంట్లో నిలుస్తుంది.